వారానికి ఒకే వాక్యభాగం: దేవుణ్ణి నమ్మడం నేర్చుకునే పద్ధతి

ఆదివారం ప్రసంగం వింటున్నప్పుడు వచ్చిన ధైర్యం మంగళవారానికల్లా కరిగిపోతుంది. అలా జరిగినప్పుడు చాలామంది తమకు విశ్వాసం తక్కువని బాధపడతారు. నిజానికి చాలాసార్లు కొరత విశ్వాసంలో కాదు, విన్న వాక్యంతో ఏం చేయాలో తెలియకపోవడంలో ఉంటుంది. మత్తయి 7లో ఇల్లు కట్టుకున్న ఇద్దర్నీ చూడండి. ఇద్దరూ యేసు మాటలు విన్నవాళ్లే. వాన, వరద, గాలి ఇద్దరి ఇంటిమీదికీ వచ్చాయి. ఒకడు విన్నది చేశాడు, రెండోవాడు చేయలేదు. తేడా అంతే. కొండమీది ప్రసంగం ముగిసేది ఈ ఉపమానంతోనే. మత్తయి 28:20లో ప్రభువు ఆజ్ఞ కూడా చదవండి: తాను ఆజ్ఞాపించినవన్నీ బోధించమని ఊరుకోలేదు, వాటిని గైకొనాలని బోధించమన్నాడు. శిష్యత్వమంటే అదే, విన్నదాన్ని చేసి చూడడం.

అందుకే ఇక్కడ చెప్పే పద్ధతి చాలా చిన్నది. వారానికి ఒక్క వాక్యభాగం తీసుకోవాలి. అందులోంచి ఒక్క విధేయత తీసుకుని ఆ వారంలోనే చేయాలి. ఏడాదిలో బైబిలంతా చదివే ప్రణాళిక మీకు ఇప్పటికే ఉంటే దాన్ని ఆపకండి, ఇది దాని పక్కన నడుస్తుంది.

మొదలుపెట్టే ముందు

ఒక బైబిలు, ఒక నోటుపుస్తకం, రోజుకు 20 నిమిషాలు, మీతో నడిచే ఒక మనిషి. ఇవి చాలు. వీలైతే రెండు అనువాదాలు దగ్గర పెట్టుకోండి. చిన్నప్పటినుంచి చెవికి అలవాటైన పాత అనువాదం కంఠతకు బాగుంటుంది. అయితే బాగా అలవాటైన మాట దగ్గర మనసు ఆగకుండా జారిపోతుంది కాబట్టి వాడుక భాషలో ఉన్న అనువాదం కూడా పక్కన ఉండాలి. ఫోనులో చదివేవాళ్లు ముందు ఇంటర్నెట్ ఆపేయండి. ఒక్క మెసేజ్ వచ్చిందంటే 20 నిమిషాలు అయిపోయినట్టే.

నోటుపుస్తకంలో ప్రతి వారానికీ ఎదురెదురుగా ఉండే రెండు పేజీలు కేటాయించండి. ఎడమ పేజీ వాక్యానిది, కుడి పేజీ మీ జీవితానిది. కుడి పేజీ పైన, తేదీ వేసి, ఈ వారం మిమ్మల్ని నిద్రపోనివ్వని సంగతి ఒక్కటి రాయండి. సాధ్యమైనంత ఖచ్చితంగా రాయండి. ‘నా భవిష్యత్తు’ అని రాస్తే పని జరగదు. ‘శుక్రవారం రావలసిన వైద్య పరీక్ష ఫలితం’, ‘రెండు నెలలుగా నాతో మాట్లాడని అన్నయ్య’ అని రాయాలి. 1 పేతురు 5:7 మన చింత యావత్తూ ఆయనమీద వేయమంటుంది. పేరు పెట్టని చింతను ఎవరిమీదా వేయలేం, అది పొగలా ఇల్లంతా తిరుగుతూనే ఉంటుంది.

ఏ భాగం తీసుకోవాలి

కళ్లు మూసుకుని బైబిలు తెరిచి వేలు పెట్టిన వచనం తీసుకోకండి. అలా దొరికిన వచనానికి ముందూ వెనకా ఏముందో తెలియదు కాబట్టి మన మనసులో ముందే ఉన్న జవాబునే అందులో చదువుకుంటాం. ఒక సంఘటన లేదా ఒక కీర్తన మొత్తంగా తీసుకోండి. 6 వచనాలకు తగ్గకుండా, 25కు మించకుండా ఉంటే వారానికి సరిపోతుంది. అధ్యాయం పొడవైతే మొత్తం ఒకసారి చదివి, ధ్యానానికి అందులో ముఖ్యమైన భాగం తీసుకోండి.

తిండి, డబ్బు గురించిన భయమైతే నిర్గమకాండము 16, లేదా 1 రాజులు 17లో సారెపతు విధవరాలి సంగతి, లేదా మత్తయి 6:25-34. తుఫానులాంటి హఠాత్తు భయమైతే మార్కు 4:35-41. అలసిపోయి ఇక చాలనిపిస్తుంటే 1 రాజులు 19:1-8. అక్కడ చచ్చిపోతానన్న ఏలీయాను దేవదూత గద్దించలేదు, రెండుసార్లు లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మధ్యలో నిద్రపోనిచ్చాడు. అడిగింది దొరకనప్పుడు 2 కొరింథీయులు 12:7-10. పడిపోయి సిగ్గుతో ఉన్నప్పుడు యోహాను 21:1-19. ఎదురుచూపు మరీ దీర్ఘమైతే అబ్రాహాము: బయలుదేరేటప్పటికి 75 ఏళ్లు, దాసి హాగరు ద్వారా ఇష్మాయేలు పుట్టినప్పుడు 86, ఇస్సాకు పుట్టినప్పుడు 100. వాగ్దానానికీ బిడ్డకూ మధ్య 25 ఏళ్లు గడిచాయి. ఆ నడుమ సొంత ఆలోచనతో వేసిన ఒక్క అడుగు ఆ ఇంట్లో ఎంత కన్నీరు తెచ్చిందో ఆదికాండము 16, 21 అధ్యాయాలు కలిపి చదివితే తెలుస్తుంది.

వారం ఎలా నడవాలి: మన్నాతో ఒక ఉదాహరణ

మొదటి రోజు భాగాన్ని మూడుసార్లు చదవండి, అందులో ఒకసారి పైకి. ఎడమ పేజీలో కనిపించినవి మాత్రమే రాయండి: ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, అంకెలు, మళ్లీమళ్లీ వచ్చే మాటలు. ‘నాకు దీని అర్థం ఏమిటి’ అన్నది ఈ రోజు అడగకూడదు. ఈ ఒక్క నియమం పాటించడమే అందరికీ కష్టం. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడు రోజూ ఇచ్చిన ఆహారం, అంటే మన్నా, సంగతి చెప్పే నిర్గమకాండము 16లో అయితే ఇలా వస్తాయి: రెండో నెల 15వ రోజు, సీను అరణ్యం, సణుగుడు, తలకు ఒక ఓమెరు (సుమారు రెండు లీటర్ల కొలత), ఆరో రోజున రెండు ఓమెరులు, మిగుల్చుకున్నది పురుగు పట్టి కంపు కొట్టడం.

రెండో రోజు ముందు అధ్యాయం, తరవాతి అధ్యాయం చదవండి. ఐగుప్తునుంచి బయలుదేరింది మొదటి నెల 15న, అంటే సరిగ్గా నెల అయింది. 14వ అధ్యాయంలో సముద్రం పాయలైంది. 15వ అధ్యాయంలో మూడు రోజులు నీళ్లు లేక, దొరికినవి చేదువై, సణిగారు. తరవాత ఏలీములో 12 నీటి బుగ్గలు, 70 ఈత చెట్లు. 17వ అధ్యాయంలో మళ్లీ దాహం, మళ్లీ సణుగుడు. ఇది చూసినప్పుడు ఒక సంగతి గట్టిగా తగులుతుంది. సముద్రం చీలడం కళ్లారా చూసినవాళ్లు కూడా మూడు రోజులకే నీళ్లకోసం దేవుణ్ణి నమ్మలేకపోయారు. పెద్ద అద్భుతం చూస్తే నమ్మకం స్థిరపడుతుందని మనం అనుకుంటాం, స్థిరపడదు. అందుకే దేవుడు వాళ్లకు మరో సముద్రం చీల్చి చూపించలేదు, ప్రతి ఉదయం చేయవలసిన చిన్న పని ఇచ్చాడు.

మూడో రోజు ఒకే ప్రశ్న: ఈ భాగం దేవుని గురించి ఏం చెబుతోంది? ఇక్కడ నిదానంగా ఉండాలి, మన్నా అధ్యాయం లోతు ఇక్కడే ఉంది. ‘ఏనాటి బత్తెము ఆనాడే’ అన్నాడు దేవుడు. కొందరు మర్నాటికి దాచారు, అది పురుగు పట్టింది. కాని ఆరో రోజు అదే మన్నాను, అవే గిన్నెల్లో, మర్నాటికి దాచారు, అప్పుడు కంపు కొట్టలేదు, పురుగూ పట్టలేదు. కాబట్టి తప్పు దాచడంలో లేదు. ఒక రోజు దాచడం అవిధేయత, మరో రోజు దాచడమే విధేయత. ఏది ఏదో తేల్చింది దేవుని మాట. ఇంకొకటి, ఏడో రోజున దొరకదని చెప్పినా కొందరు ఏరుకోవడానికి బయటికి వెళ్లారు, ఏమీ దొరకలేదు. వద్దన్నప్పుడు దాచుకున్నవాళ్లు ఒకవైపు, ఆగమన్నప్పుడు పరుగెత్తినవాళ్లు మరోవైపు. పైకి వ్యతిరేకంగా కనిపించినా జబ్బు ఒకటే: రేపు ఆయన ఇవ్వడేమోనన్న అనుమానం.

దీన్ని సరిగ్గా చూడకపోతే ‘పొదుపు చేయడం అవిశ్వాసం’ అనే బోధలోకి జారిపోతాం. యోసేపు ఏడేళ్లు ధాన్యం కూడబెట్టాడు, అదీ దేవుడు చూపించిన దారే.

నాలుగో రోజు కుడి పేజీకి రండి. పైన రాసుకున్న చింతను ఎడమ పేజీ పక్కన పెట్టి చదివి, ఒక్క విధేయత రాయండి. అది మీ చేతిలో ఉన్న పని అయి ఉండాలి, రేపు ఇదే సమయానికి అయిపోయేంత చిన్నదై ఉండాలి, చేశారో లేదో అవునా కాదా అని చెప్పగలిగేలా ఉండాలి. ‘ఇకనుంచి దేవుణ్ణి ఎక్కువ నమ్ముతాను’ అన్నది ఈ మూడింటిలో ఒక్కదానికీ నిలవదు. మీది దాచుకునే జబ్బైతే: ‘అవసరంలో ఉన్న ఫలానా వ్యక్తికి రేపు మధ్యాహ్నంలోగా ఇంత ఇస్తాను’. మీది పరుగెత్తే జబ్బైతే: ‘ఈ రాత్రి ఎనిమిది తరవాత పని ముట్టుకోను, ఫలితం వచ్చిందా అని మళ్లీమళ్లీ చూడను’. చేయబుద్ధి కాకపోవచ్చు. అయినా చేయండి, నమ్మకం చాలాసార్లు చేసిన తరవాతే వస్తుంది. దోసిట్లో మిగిలిన పిండితో సారెపతు విధవరాలు ముందు ఏలీయాకు చిన్న అప్పం చేసింది. తొట్టిలో పిండి తక్కువ కాలేదని ఆమెకు తెలిసింది ఆ తరవాతే.

ఐదో రోజు ప్రార్థన, దాని గురించి కింద విడిగా చెబుతాం. ఆరో రోజు జరిగింది రాసి, మీతో నడిచే వ్యక్తికి చెప్పండి. ఏడో రోజు ఏమీ రాయొద్దు. ఆరాధించండి, విశ్రమించండి.

కీర్తన 13ని అచ్చుగా పెట్టుకుని ప్రార్థించడం

ఆరు వచనాల కీర్తన ఇది. మొదటి రెండు వచనాల్లో ‘ఎన్నాళ్లు, ఎంతకాలం’ అన్న ప్రశ్న నాలుగుసార్లు వస్తుంది. దావీదు మొదట దేవునితో తన సంగతి చెబుతాడు: నన్ను మరిచిపోయావు, ముఖం తిప్పుకున్నావు. తరవాత తన లోపలి సంగతి: పగలంతా హృదయంలో దుఃఖం. ఆ తరవాత బయటి సంగతి: శత్రువు నాపై హెచ్చించుకుంటున్నాడు. 3, 4 వచనాల్లో అడుగుతాడు, ఎందుకు అడుగుతున్నాడో కూడా చెబుతాడు. 5వ వచనంలో ‘నేనైతే’ అని మలుపు తిరిగి, నీ కృపయందు నమ్మికయుంచాను అంటాడు. 4వ వచనానికీ 5వ వచనానికీ మధ్య పరిస్థితి మారినట్టు ఒక్క మాట లేదు. శత్రువు అక్కడే ఉన్నాడు.

మీరూ అలాగే చేయండి. పది నిమిషాలుంటే ఐదు నిమిషాలు ఫిర్యాదుకే ఇవ్వండి: దేవునితో, మీ గురించి, బయటి పరిస్థితి గురించి, ఆ మూడు వైపులా. మూడు నిమిషాలు అడగండి, కారణం చెప్పి అడగండి. చివరి రెండు నిమిషాలు ‘నేనైతే’తో మొదలుపెట్టి, ఆ వారం వాక్యభాగంలో దేవుని గురించి చూసినది ఆయనకే తిరిగి చెప్పండి. మన్నా వారమైతే: ‘నేనైతే, ప్రతి ఉదయం ఇచ్చే నీ చేతిమీద ఆనుకుంటున్నాను.’

ఇక్కడ రెండు చోట్ల తప్పుతుంది. భక్తిగా కనిపించాలని నేరుగా 5వ వచనానికి దూకేవాళ్ల నోట స్తుతి ఉంటుంది, లోపల భయం అలాగే ఉంటుంది. 2వ వచనం దగ్గరే ఆగిపోయేవాళ్లది విలాపంగా మొదలై సణుగుడుగా మారుతుంది. విలాపానికీ సణుగుడుకీ తేడా ఏమిటని చాలామంది అడుగుతారు. అరణ్యంలో జనం దేవుని గురించి మోషేతో, ఒకరితో ఒకరు మాట్లాడారు. దావీదు దేవునితోనే మాట్లాడాడు. మాటలు ఎంత కటువుగా ఉన్నా ముఖం ఆయనవైపు ఉంటే అది ప్రార్థనే.

ఎక్కువగా దారి తప్పే చోట్లు

వచనాన్ని దాని చోటునుంచి పెరికి తెచ్చుకోవడం అన్నిటికన్నా సాధారణమైనది. యిర్మియా 29:11 ఎందరి గోడలమీదో ఉంది: దేవుని ఉద్దేశాలు సమాధానకరమైనవేగాని హానికరమైనవి కావు అన్న మాట. ఆ ఉత్తరం వెళ్లింది బబులోనులో చెరలో ఉన్నవాళ్లకి. పై వచనంలోనే 70 ఏళ్లు అని ఉంది. ఇంకా పైన, ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని ఉంది. అంటే ఆ మాట విన్న పెద్దవాళ్లలో అనేకులు బబులోనులోనే కన్నుమూసేవాళ్లు. ఇది వాగ్దానాన్ని చిన్నబుచ్చదు. చెరలో ఉండగానే తోట నాటే ధైర్యం ఇస్తుంది, వచ్చే నెలకల్లా ఉద్యోగం అనే హామీకంటే అది ఎంతో పెద్దది. ఫిలిప్పీయులు 4:13 కూడా అంతే. ‘సమస్తమును చేయగలను’ అన్నది గెలుపు గురించి కాదు. పై రెండు వచనాల్లో పౌలు ఆకలిలోనూ సమృద్ధిలోనూ తృప్తిగా ఉండడం ‘నేర్చుకున్నానని’ అంటున్నాడు, అదీ బంధకాల్లో ఉండి.

నమ్మకం అంటే చేతులు కట్టుకుని కూర్చోవడం అనుకోవడం రెండోది. నెహెమ్యా 4:9లో యెరూషలేము గోడ కడుతున్నవాళ్లు ప్రార్థన చేశారు, కాపలా కూడా పెట్టారు. తరచూ జబ్బుపడే తిమోతికి పౌలు ప్రార్థించమని మాత్రమే రాయలేదు, కడుపు కోసం ఏం తీసుకోవాలో రాశాడు. మందులు మానేయడం విశ్వాసానికి గుర్తని ఎవరైనా చెబితే వినకండి. మందు వేసుకోండి, ఆ మందు ఇచ్చిన దేవునికి స్తోత్రం చెప్పండి.

గిద్యోను ఉన్నిని (న్యాయాధిపతులు 6లో దేవుని సూచన కోసం అతను నేలమీద పరచిన గొర్రె బొచ్చును) పద్ధతిగా మార్చుకోవడం ఇంకొకటి. ఉన్ని పరచకముందే దేవుడు ఏం చేయాలో అతనికి స్పష్టంగా చెప్పేశాడు. దేవుడు అతని బలహీనతను భరించాడు, అంతే. ‘ఫలానా ఫోను వస్తే ఇది నీ చిత్తం’ అని షరతు పెట్టుకునే ముందు, వాక్యం ఆ విషయంలో ఇప్పటికే ఏం చెప్పిందో చూడండి.

ఇక, అపనమ్మకం ఉందని దేవుని దగ్గరికి రాకుండా ఆగిపోవడం. మార్కు 9లో కొడుకును బాగుచేయమని వచ్చిన తండ్రి ‘నమ్ముచున్నాను’ అన్నాడు, అదే ఊపిరిలో తన అపనమ్మకానికి సహాయం చేయమన్నాడు. యేసు అతణ్ణి ఇంటికి పంపి నమ్మకం పెంచుకుని రమ్మనలేదు. ఆ ప్రార్థనకే ఆ పిల్లవాడు బాగయ్యాడు.

అడిగింది ఆయన ఇవ్వనప్పుడు మిమ్మల్ని మీరు తప్పుపట్టుకోకండి. పౌలు తన శరీరంలో ముల్లులా బాధిస్తున్నదాన్ని తీసేయమని మూడుసార్లు అడిగాడు, ముల్లు పోలేదు, ‘నా కృప నీకు చాలును’ అన్న మాట దొరికింది. గెత్సేమనేలో దేవుని కుమారుడైన యేసే మూడుసార్లు ప్రార్థించాడు, శ్రమల గిన్నె తొలగలేదు. షద్రకు, మేషాకు, అబేద్నెగో తమను అగ్నిగుండంలో వేస్తానన్న రాజు ముందు రెండు మాటలూ అన్నారు: మా దేవుడు రక్షించగలడు, రక్షించకపోయినా నీ ప్రతిమకు మొక్కం. రెండో సగం లేకుండా మొదటి సగం ఒక్కటే నేర్పితే, మొదటి దెబ్బకే మనిషి విరిగిపోతాడు.

ఇద్దరుగా నడవడం

ఒంటరిగా చేస్తే నాలుగో రోజు విధేయత మెల్లగా మాయమవుతుంది. ఇద్దరు గాని ముగ్గురు గాని వారానికి ఒక గంట కలవండి. నలుగురు దాటితే మాట్లాడేవాళ్లు మాట్లాడుతుంటారు, మిగతావాళ్లు వింటుంటారు. మొదటి పది నిమిషాలు ఒక్క ప్రశ్నకి: పోయిన వారం రాసుకున్నది చేశావా, ఏం జరిగింది? తరవాత 20 నిమిషాలు కొత్త భాగం పైకి చదివి చూసినవి చెప్పుకోండి, 20 నిమిషాలు ఎవరి విధేయత వాళ్లు తేల్చుకోండి, పది నిమిషాలు ఒకరి కోసం ఒకరు ప్రార్థించండి. మొదటి పది నిమిషాలు మాత్రం ఎప్పుడూ వదలొద్దు. అది పోయిందంటే మిగిలేది మరో బైబిలు స్టడీయే.

చేయలేదని ఎవరైనా చెబితే ప్రసంగం మొదలుపెట్టకండి. ఎక్కడ ఆగిందో అడగండి. ఎమ్మాయు దారిలో యేసు ముందు అడిగింది మీరు ఏం మాట్లాడుకుంటున్నారని, వాళ్లు తమ నిరాశంతా చెప్పేదాకా విన్నాడు, లేఖనాలు విప్పింది ఆ తరవాత. ఎక్కువసార్లు ఆ పని పెద్దదైపోయి ఉంటుంది, దాన్ని సగం చేసి మళ్లీ రాయండి. ఎదుటివాళ్ల తరఫున మీరు నిర్ణయాలు తీసుకోవద్దు: పెళ్లి, ఉద్యోగం, డబ్బు విషయాల్లో ‘ప్రభువు నీకు ఇది చెప్పమన్నాడు’ అనే మాట వద్దు. మీ విశ్వాసంమీద మేము ప్రభువులం కాము, మీ ఆనందానికి సహకారులం అని అపొస్తలుడైన పౌలే రాశాడు. విన్నది ఆ గది దాటకూడదు. ఒకే ఒక్క మినహాయింపు, ఎవరి ప్రాణానికైనా, పిల్లలకైనా హాని ఉందని తెలిసినప్పుడు. అప్పుడు రహస్యం అని ఊరుకోకుండా కాపరికి, వైద్యులకు, అవసరమైతే పోలీసులకు వెంటనే చెప్పాలి.

కొత్తగా నమ్మినవాళ్లతో అయితే విడివిడి భాగాలకు ముందు మార్కు సువార్త పూర్తి చేయండి. 16 అధ్యాయాలు, వారానికి రెండు చొప్పున ఎనిమిది వారాలు. ఎవరిని నమ్ముతున్నామో తెలియకుండా నమ్మడం నేర్పలేం.

మూడు నెలలకు ఒకసారి

నోటుపుస్తకం మొదటినుంచి తిరగేయండి. కుడి పేజీల పైన రాసిన చింతల పక్కన గుర్తు పెట్టండి: అడిగింది జరిగినవాటికి ఒక గుర్తు, వేరే విధంగా జరిగినవాటికి ఒకటి, ఇంకా ఎదురుచూస్తున్నవాటికి ఒకటి. దేన్నీ కొట్టివేయకండి. సమూయేలు రాయి నిలిపి దానికి ఎబెనెజరు (సహాయపు రాయి) అని పేరు పెట్టి, ‘ఇంతవరకు యెహోవా మనకు సహాయము చేసెను’ అన్నాడు. ఆ పేరు అంతకుముందు 1 సమూయేలు 4లో ఓటమి పక్కన కనిపిస్తుంది, దేవుని నిబంధన పెట్టె అయిన మందసం పోయింది ఆ యుద్ధంలోనే. ఓడిన పేజీలు కూడా పుస్తకంలో ఉండాల్సిందే.

మధ్యలో కొన్ని వారాలు ఖాళీగా ఉంటాయి. ఖాళీ పేజీలు చింపకండి, వెనక్కి వెళ్లి నింపకండి కూడా. ఈ రోజు తేదీ వేసి, మార్కు 4:35 దగ్గర తెరవండి. అద్దరికి పోదామన్నది యేసే. ఆయన దోనెలో ఉన్నాడు, తుఫానూ వచ్చింది. కుడి పేజీ పైన ఈ వారం చింత ఒక్కటి రాసి, చదవడం మొదలుపెట్టండి.